పన్నెండు మైళ్ల తప్పు గీత

పోయిన జూన్‌లో నాన్న ఇక్కడికి, అమెరికాలో టెనెసీ రాష్ట్రంలో నాష్‌విల్ దగ్గరున్న మా ఇంటికి వచ్చినప్పుడు అందరం కారులో కెంటకీ వైపు బయల్దేరాం. నాష్‌విల్ నుంచి క్లార్క్స్‌విల్ మీదుగా రెండు సరస్సుల మధ్య అడవి ఉంటుంది, అది చూద్దామని. వెనక సీట్లో మా పెద్దవాడు ఫోన్‌లో మ్యాపు పెద్దది చేసుకుని చూస్తూ "అమ్మా, టెనెసీ బోర్డరు ఇక్కడ మెట్టు దిగినట్టు ఉందేంటి?" అన్నాడు. నిజమే. తూర్పు నుంచి కాస్త ఏటవాలుగా, పైకి ఎక్కుతూ వచ్చిన గీత టెనెసీ నది దగ్గరికొచ్చేసరికి ఆగిపోయి, నది వెంబడి కిందికి దిగి, మళ్లీ పడమటికి తిన్నగా వెళ్లిపోతుంది. మా ఆయన స్టీరింగ్ పట్టుకునే "ఎవడో మందు కొట్టి గీసుంటాడు" అన్నారు.

అందరం నవ్వాం, నాన్న తప్ప. "తాగినవాడు అడవిలో రెండొందల మైళ్లు గీత లాగలేడు అల్లుడుగారూ" అని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. నాన్న సర్వే శాఖలో చైన్‌మన్‌గా (కొలత గొలుసు పట్టేవాడిగా) చేరి సర్వేయరుగా రిటైరయ్యారు. కొలతల మీద జోకులేస్తే ఆయనకి నచ్చదని తెలుసు కానీ అంత సీరియస్‌గా తీసుకుంటారనుకోలేదు. దాని వెనక వేరే కారణం ఉందని తర్వాత తెలిసింది, అది చివర్లో చెప్తాను.

ఆ రాత్రి నుంచి ఓ నెల రోజులు ఖాళీ దొరికినప్పుడల్లా ఆ మెట్టు సంగతే చదివాను. చదువుతుంటే మేముండే హెండర్సన్‌విల్‌లోనే, మా ఇంటికి పదిహేను నిమిషాల దూరంలో, ఆ గీత గీసినవాళ్లలో ఒకాయన ఇల్లు ఉందని తెలిసింది. రాక్ క్యాజిల్ అంటారు, రాతి ఇల్లు, ఇప్పుడు మ్యూజియం. ఎన్నిసార్లు ఆ బోర్డు దాటుకుంటూ కూరగాయలకి వెళ్లానో! ఆయన పేరు డానియల్ స్మిత్. 1748లో వర్జీనియాలో పుట్టాడు, సర్వేయరయ్యాడు, తర్వాత రాజకీయాల్లోకి వెళ్లి రెండుసార్లు అమెరికా సెనేటరుగా చేశాడు. మొదటిసారి 1798లో, తర్వాత అమెరికా అధ్యక్షుడైన ఆండ్రూ జాక్సన్ రాజీనామా చేసిన సీట్లో.

నేను చెప్పదలుచుకున్నది ముందే చెప్పేస్తాను. ఆ గీత తప్పే. కానీ తప్పు గీత మీద జనం తరాలు తరాలుగా బతికేశాక అది "తప్పు" అన్నమాటకి అర్థం పోతుంది, దాన్ని ఇప్పుడు సరిచెయ్యాలనే వాళ్ల లెక్క కొలత లెక్క కాదు, ఇంకేదో లెక్క. ఇదీ నా అభిప్రాయం. ఇది రాస్తూ రాస్తూ మధ్యలో నాకే అనుమానాలొచ్చాయి, అవి కూడా దాచకుండా రాస్తున్నాను.

కాగితం మీద తిన్నగా, కొండ మీద వంకరగా

1665లో ఇంగ్లండు రాజు రెండో చార్లెస్ కరోలినాకి ఇచ్చిన చార్టరులో (అధికార పత్రంలో) ఉత్తర హద్దు 36 డిగ్రీల 30 నిమిషాల అక్షాంశం అని రాశారు. ఎంత తేలిక. లండన్‌లో కూర్చుని ఒక అంకె రాసి, సముద్రం నుంచి సముద్రం దాకా అనేశారు. మధ్యలో ఏ కొండలున్నాయో, ఏ నదులున్నాయో, ఎవరుంటున్నారో వాళ్లకి తెలియదు, తెలుసుకోవాల్సిన అవసరమూ రాలేదు.

ఆ అంకెని నేల మీద దింపాల్సిన వాళ్లకి వచ్చింది చావు. 1728లో విలియం బర్డ్ బృందం సముద్రం దగ్గర మొదలుపెట్టి కొంత దూరం లాగింది. 1749లో జాషువా ఫ్రై, పీటర్ జెఫర్సన్ (థామస్ జెఫర్సన్ వాళ్ల నాన్న) ఇంకొంత లాగి స్టీప్ రాక్ అనే చోట ఆపారు. తర్వాత ముప్ఫై ఏళ్లు దాని అవసరం ఎవరికీ పడలేదు. కొండలు దాటి జనం వెళ్లడం మొదలయ్యాక, ఎవరి భూమి ఏ రాష్ట్రం కాగితం మీద రిజిస్టరవ్వాలో తేలక గొడవలొచ్చాక, 1779లో వర్జీనియా తరఫున డాక్టర్ థామస్ వాకర్‌ని, ముప్ఫై ఏళ్ల డానియల్ స్మిత్‌ని పంపారు. నార్త్ కరోలినా తరఫున రిచర్డ్ హెండర్సన్ వచ్చాడు. (కెంటకీ అప్పటికి వర్జీనియాలో భాగం, టెనెసీ నార్త్ కరోలినాలో భాగం.)

మొదటిరోజే చిక్కు. స్టీప్ రాక్ దగ్గర పాత గుర్తులు దొరకలేదు. చెట్ల మీద గంట్లు పెట్టి వదిలేసిన హద్దు ముప్ఫై ఏళ్లకి ఏముంటుంది? నక్షత్రాలు చూసి, సూర్యుణ్ణి చూసి లెక్క కట్టుకుని ఓ చోట మొదలుపెట్టారు. కొంతదూరం పోయాక హెండర్సన్‌కి అనుమానం వచ్చింది, మనం మరీ దక్షిణానికి వచ్చేశామని. వాకర్ కాదన్నాడు. అక్కణ్ణుంచి రెండు బృందాలు రెండు గీతలు, ఒకదానికొకటి సుమారు రెండు మైళ్ల దూరంలో లాగుకుంటూ పోయాయి. నాకు ఇది చదివినప్పుడు భలే నవ్వొచ్చింది, ఒకే గొడవ తీర్చడానికి వెళ్లి రెండు హద్దులు తెచ్చారు. హెండర్సన్ కంబర్లాండ్ కొండ దగ్గర విరమించుకున్నాడు. వాకర్, స్మిత్ మాత్రం ఆగలేదు, టెనెసీ నది దాకా వెళ్లారు.

ఆ 1779-80 చలికాలం మామూలుది కాదు. ఇప్పుడు నాష్‌విల్ ఉన్నచోట కంబర్లాండ్ నది గడ్డకట్టి, జేమ్స్ రాబర్ట్‌సన్ వెంట వచ్చిన వలసదారులు పశువుల్ని మంచు మీదనుంచి నడిపించి దాటించింది ఆ చలికాలంలోనే. స్మిత్ డైరీ రాసుకున్నాడు. అది పక్కన పెట్టుకుని చదివితే మా ఆయన జోకు మీద నాన్నకి ఎందుకు కోపం వచ్చిందో నాకూ అర్థమైంది.

ఫలితం? వాళ్ల గీత టెనెసీ నది చేరేసరికి ఉండాల్సిన చోటు కంటే దాదాపు పన్నెండు మైళ్లు ఉత్తరాన తేలింది. అంటే పందొమ్మిది, ఇరవై కిలోమీటర్లు.

ఆ పన్నెండులో ఎవరి వాటా ఎంత అని నేను మ్యాపు మీద లెక్కేశాను. కంబర్లాండ్ గ్యాప్ అనే కొండ కనుమ దగ్గరే గీత సుమారు ఆరు మైళ్లు పైన ఉంది. అక్కణ్ణుంచి నది దాకా 240 మైళ్ల పైచిలుకు దూరంలో ఇంకో ఆరు మైళ్లు పైకి జరిగింది. అంటే తప్పులో సగం కొండ దాటకముందే చేతిలో ఉంది. మిగతా సగం మైలుకి నూట ముప్ఫై అడుగుల చొప్పున కొంచెం కొంచెం చేరింది. నాన్నకి ఈ లెక్క చెప్తే వెంటనే "దిక్సూచి" అన్నారు. "గొలుసు తప్పయితే పొడవు తప్పుతుంది, దిక్కు తప్పదు. ముల్లు చూపించే ఉత్తరం వేరు, అసలు ఉత్తరం వేరు. రెంటికీ తేడా చోటు చోటుకీ మారుతుంది, ఏళ్లు గడిస్తే కూడా మారుతుంది. రాత్రిళ్లు చుక్క చూసి సరిచేసుకోవాలి. మబ్బు పడితే ఏం చూస్తావ్?" అన్నారు. ఆ గొలుసు మాత్రం నాన్న పట్టిన గొలుసే. అరవై ఆరు అడుగులు, వంద లింకులు, ఎనభై గొలుసులు ఒక మైలు. గుంటర్ గొలుసు ఒంగోలు పొలాల్లోనూ, అపలాచియన్ కొండల్లోనూ ఒకటే.

క్లార్క్స్‌విల్ ఎవరిది?

కాగితం మీద అంకె ప్రకారం పోతే క్లార్క్స్‌విల్ ఊరు టెనెసీలో ఉండకూడదు. ఆ ఊరు 36 డిగ్రీల 30 నిమిషాలకి ఉత్తరాన ఉంది. లక్షన్నరకి పైగా జనం, రాష్ట్రంలో ఐదో పెద్ద ఊరు. మా తెలుగు వాళ్లు కూడా ఇళ్లు చవకని అక్కడ కొనుక్కున్నారు. ఒకసారి పాట్‌లక్‌లో (తలా ఓ వంట తెచ్చుకునే విందులో) ఈ విషయం చెప్తే ఒకావిడ కంగారుగా "అయితే మాకు కెంటకీ ట్యాక్స్ పడుతుందా?" అని అడిగింది. టెనెసీలో జీతం మీద రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, కెంటకీలో ఉంది. కాబట్టి ఆవిడకి 1780 నాటి దిక్సూచి తప్పు వల్ల ప్రతినెలా డబ్బు మిగులుతోంది. ఆ మాట చెప్తే ఎవరికీ వాకర్ మీద కోపం రాలేదు!

గీత తప్పని కెంటకీ వాళ్లకి తెలియక ఊరుకోలేదు. 1792లో వర్జీనియా నుంచి విడిపోయి రాష్ట్రమయ్యాక కొన్నాళ్లకి గోల మొదలైంది. 1818లో జాక్సన్, ఐజాక్ షెల్బీ కలిసి చికసా అనే ఆదివాసీ జాతి దగ్గర టెనెసీ నదికి పడమటి భూమి కొన్నారు. ఆ వెంటనే 1819లో అలెగ్జాండర్, మన్సెల్ అనే ఇద్దరు నదికి పడమట అసలైన 36-30 మీద గీత లాగారు. అప్పుడు అందరికీ కళ్లముందు కనబడింది, నదికి ఇవతల గీత పైన, అవతల గీత కింద. 1820లో రెండు రాష్ట్రాలూ కూర్చుని రాజీ పడ్డాయి. నదికి తూర్పున వాకర్ గీత, పడమట కొత్త గీత, మధ్యలో నదే హద్దు. మా వాడు చూసిన మెట్టు అదే. అంటే మెట్టు తాగి గీసింది కాదు, తాగకుండా కూర్చుని ఒప్పుకున్నది.

ఆ రాజీలో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. వాకర్ గీతకీ 36-30కీ మధ్య ఇరుక్కున్న పట్టీలో జనం, పన్నులు, కోర్టులు టెనెసీవి. కానీ అప్పటికి ఎవరికీ ఇవ్వని ఖాళీ భూమి మాత్రం కెంటకీ ఇచ్చుకోవచ్చు. మనవాళ్లు పంచాయితీ చేసి "చెట్టు నీది, కాయలు వాడివి" అన్నట్టు. కొలిచి తేలేది కాదని ఇద్దరికీ తెలుసు.

ఇలాంటివన్నీ జనం తమకి అనువుగా వాడుకున్నారు కూడా. 1826లో టెనెసీ కాంగ్రెస్ సభ్యుడు శామ్ హ్యూస్టన్ ఇంకొకాయనతో ద్వంద్వయుద్ధం చెయ్యాలనుకుని, సొంత రాష్ట్రంలో కాకుండా గీత దాటి కెంటకీ సింప్సన్ కౌంటీకి వెళ్లి పిస్తోళ్లు పేల్చుకున్నాడు. అదే కౌంటీ దగ్గర గీత మధ్యలో ముక్కోణం పన్నులా పొడుచుకు వచ్చి ఉంటుంది. అక్కడ ఎవరో సర్వేయర్లకి విస్కీ పీపా ఎరవేసి తన పొలం కెంటకీలోనే ఉండేట్టు చేసుకున్నాడని కథ చెప్తారు. సర్వేయరు కథ ఎక్కడ విన్నా మందు లేకుండా పూర్తికాదు. నాన్న అన్నారు, "మా మీద కూడా ఇలాగే చెప్పేవాళ్లు, కాకపోతే మాకు కోడి."

1893 తీర్పు

వర్జీనియా, టెనెసీ మధ్య సంగతి ఇంకో దారిలో పోయింది. అక్కడ వాకర్ గీత ఒకటి, హెండర్సన్ గీత ఒకటి, మధ్య రెండు మైళ్ల పట్టీ, అందులో ఉన్నవాళ్లు ఎవరికి పన్ను కట్టాలో తెలియదు (కొందరు ఎవరికీ కట్టలేదనుకుంటా, నేనైతే కట్టను). 1802లో రెండిటికీ సరిగ్గా మధ్యలో కొత్త గీత లాగి, 1803లో ఇద్దరూ ఒప్పుకున్నారు. అది కూడా 36-30కి పైనే. దాదాపు తొంభై ఏళ్ల తర్వాత వర్జీనియా సుప్రీంకోర్టుకి వెళ్లింది, ఈ ఒప్పందానికి కాంగ్రెస్ అనుమతి లేదు కాబట్టి చెల్లదు, అసలు చార్టరులో ఉన్న అంకె ప్రకారం మా భూమి మాకు ఇప్పించండి అని. 1893లో కోర్టు కుదరదంది. తీర్పు జస్టిస్ స్టీఫెన్ ఫీల్డ్ రాశాడు. దాని సారం ఏమిటంటే, గీత లాగి, గుర్తులు పెట్టి, ఇరువైపుల వాళ్లూ ఇన్నేళ్లు దాన్నే హద్దుగా ఒప్పుకుని పాలన చేసుకున్నాక, అది మొదటి పత్రంలో రాసినదానికి సరిపోకపోయినా అదే హద్దు.

నా అభిప్రాయానికి నాకు దొరికిన పెద్ద సాక్ష్యం ఇదే. బ్రిస్టల్ అనే ఊరికి పోయి చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. స్టేట్ స్ట్రీట్ మధ్యలో ఇత్తడి పలకలు వేసి ఉంటాయి, ఒక వైపు వర్జీనియా, ఒక వైపు టెనెసీ. 1889లో అక్కడ నీళ్ల పైపుల గురించి రెండు పక్కలా పోలీసులు దిగేదాకా వెళ్లింది. 1901లో టెనెసీ రోడ్డులో ఉత్తరపు సగం వదులుకుని గీతని నడిమధ్యకి తెచ్చింది. ఇప్పుడు ఆ పలకల మీద కాళ్లు చెరోవైపు పెట్టుకుని ఫోటోలు తీసుకుంటారు. మేమూ తీసుకున్నాం. ఆ ఫోటోలో నాన్న మాత్రం పలక పక్కన వంగి, దాని మీద ఏముందో చదువుతున్నారు.

ఇక దక్షిణాన జార్జియా గొడవ చూడండి. అక్కడ హద్దు 35వ అక్షాంశం కావాలి. 1818లో జేమ్స్ కమాక్ అనే లెక్కల మనిషి లాగిన గీత సుమారు మైలు దక్షిణాన పడింది. దాదాపు నూట తొంభై ఏళ్లు ఆ గీతే నడిచింది. అట్లాంటా పెరిగి నీళ్లు చాలక, 2008 కరువులో జార్జియా శాసనసభకి అక్షాంశాల మీద ప్రేమ పుట్టింది. ఎందుకంటే ఆ మైలు పైకి జరిగితే టెనెసీ నది ఒక వంపు వాళ్లకి అందుతుంది. చట్టనూగా మేయరు వాళ్లకి ఒక లారీ నిండా మంచినీళ్ల సీసాలు పంపి వెక్కిరించాడు. 2013లో మళ్లీ తీర్మానం చేశారు. నది దక్షిణానికి ఇంకో పది మైళ్లు ఎడంగా ఉండుంటే కమాక్ తప్పు ఇప్పటికీ ఎవరికీ గుర్తుండేది కాదు. నేను మొదట్లో "కొలత లెక్క కాదు, ఇంకేదో లెక్క" అన్నది ఇందుకే. కృష్ణా నీళ్ల దగ్గర పెరిగినవాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

తాత గీత, మనవడి కోట

స్మిత్ కథలో నన్ను రెండు రోజులు నిద్రపోనివ్వని ముక్క ఇది. స్మిత్ కూతురు ఇంట్లోవాళ్లకి ఇష్టం లేకుండా శామ్యూల్ డోనల్సన్‌ని పెళ్లి చేసుకుంది. వాళ్లు పారిపోవడానికి సాయం చేసింది ఆండ్రూ జాక్సన్, పెళ్లికొడుకు ఆయన బావమరిది మరి. వాళ్ల కొడుకుల్లో ఒకడికి తాత పేరే పెట్టారు, డానియల్ స్మిత్ డోనల్సన్. 1861లో అంతర్యుద్ధం మొదలైనప్పుడు టెనెసీ గవర్నరు ఈ మనవణ్ణి పంపాడు, టెనెసీ నది మీదా, కంబర్లాండ్ నది మీదా ఉత్తరాది సైన్యం పడవల్ని ఆపడానికి కోటలకి చోటు చూడమని. మంచి చోట్లు ఉత్తరాన ఉన్నాయి. కానీ అవి కెంటకీలో, కెంటకీ అప్పటికి తటస్థంగా ఉంది, అక్కడ కోట కట్టకూడదు. సరే, గీతకి ఇవతల ఉన్నంతలో వెతుక్కున్నారు. కంబర్లాండ్ మీద కట్టినదానికి ఆయన పేరే పెట్టారు, ఫోర్ట్ డోనల్సన్. టెనెసీ నది మీద ఫోర్ట్ హెన్రీ పల్లంలో పడింది, 1862 ఫిబ్రవరిలో వరద నీళ్లు కోటలోకే వచ్చేశాయి. 6వ తేదీన అది పోయింది, 16న డోనల్సన్ కూడా ఉత్తరాది సేనాని గ్రాంట్‌కి లొంగిపోయింది.

అంటే తాత ఎనభై ఏళ్ల కింద లాగిన గీత మనవడి చెయ్యి పట్టుకుని ఇక్కడే కట్టు అంది. మజా ఏమిటంటే ఆ గీత పన్నెండు మైళ్లు పైకి తప్పింది కాబట్టి మనవడికి ఆ మాత్రం నది అయినా దొరికింది. తాత సరిగ్గా కొలిచి ఉంటే ఇంకా తక్కువ నది దొరికేది. ఎవరికి మేలు, ఎవరికి కీడు? బానిసత్వం కోసం పోరాడిన వైపు కోటలు ఎంత త్వరగా పోతే అంత మంచిదని నేననుకుంటాను, కాబట్టి ఆ లెక్కలోకి నేను ఎక్కువ దిగను.

ఒప్పుకున్నది ఎవరు?

ఇక్కడే నా వాదనకి గట్టి దెబ్బ. "అందరూ ఒప్పుకుని బతికేశారు" అంటున్నాను కదా, అందరూ అంటే ఎవరు?

వర్జీనియా ఒప్పుకుంది, నార్త్ కరోలినా ఒప్పుకుంది, తర్వాత వాటి పిల్ల రాష్ట్రాలు ఒప్పుకున్నాయి. చెరొకీలని, చికసాలని ఎవరు అడిగారు? ఆ గీత వాళ్ల వేట అడవుల మధ్యలోంచి పోయింది. నార్త్ కరోలినా తరఫున వచ్చిన హెండర్సనే 1775లో చెరొకీ పెద్దల దగ్గర కోట్ల ఎకరాలు కొన్నానని కాగితాలు రాయించుకున్న మనిషి. ఆ బేరాన్ని డ్రాగింగ్ కనూ అనే యువనాయకుడు ఎదిరించి వెళ్లిపోయాడు. అలాంటాయన హద్దు కమిషనరు! ఊళ్లో పొలం గొడవ కొలవడానికి అందులో వాటా ఉన్నవాణ్ణే పంపినట్టు.

స్మిత్‌ని మాత్రం వేరుగా చూద్దామా అంటే, అదీ కుదరలేదు. ఆయన 1790లో నైరుతి టెరిటరీకి (తర్వాత టెనెసీ రాష్ట్రమైన ప్రాంతానికి) కార్యదర్శి అయ్యాడు, టెనెసీ ప్రాంతానికి మంచి మ్యాపు గీశాడు, 1796లో టెనెసీ రాజ్యాంగ సభలో కూర్చున్నాడు, పెద్దమనిషి అనిపించుకున్నాడు. 1793లో గవర్నరు ఊళ్లో లేనప్పుడు ఆయన బాధ్యతలో ఉండగానే, కెప్టెన్ బేర్డ్ అనేవాడి మనుషులు మాట వినకుండా, చర్చలకని వచ్చి కూర్చున్న చెరొకీల మీద, హ్యాంగింగ్ మా అనే పెద్దాయన ఇంటి దగ్గర కాల్పులు జరిపారు. స్మిత్ బేర్డ్‌ని విచారణకి పెట్టించాడు. వాడు విడుదలయ్యాడు. ఇక్కడి దాకా పాపం అనిపిస్తుంది. కానీ 1805లో ఇదే స్మిత్, రిటర్న్ మీగ్స్‌తో కలిసి చెరొకీల దగ్గర పెద్ద భూభాగం రాయించుకున్నాడు. ఆ ఒప్పందాల్లో బయటికి చెప్పని ఏర్పాటు ఒకటి, డబుల్‌హెడ్ అనే నాయకుడికి విడిగా సొంత భూములు. సూటిగా చెప్పాలంటే లంచం. 1807లో డబుల్‌హెడ్‌ని సొంత జాతివాళ్లే చంపేశారు. స్మిత్ అప్పుడు రెండోసారి సెనేటరు. రాక్ క్యాజిల్‌లో గడియారం అద్దాలు తుడుస్తూ, పొలం దున్నుతూ బానిసలు.

కాబట్టి "అందరూ ఒప్పుకున్నారు" అని 1893 తీర్పు చదివి నేను పొంగిపోయినప్పుడు, ఆ అందరిలో లేనివాళ్ల సంగతి నాకు తట్టలేదు. గెలిచినవాళ్లకి ఈ సూత్రం చాలా హాయి. లాక్కో, కంచె వెయ్యి, తొంభై ఏళ్లు ఆగు, తర్వాత కోర్టు "ఇన్నేళ్లయింది కదా" అంటుంది. అయితే నా అభిప్రాయం మార్చుకున్నానా? సగం. గీతకి ఇటూ అటూ ఉన్న ఇద్దరూ నోరు తెరిచి ఒప్పుకున్న చోట తప్పు కొలత తప్పు కాదని ఇప్పటికీ అంటాను. ఒకడి నోరు మూసిన చోట ఎన్నేళ్లయినా ఆ ఏళ్లు లెక్కలోకి రావు.

మన దగ్గర కొటియా గ్రామాల సంగతి ఇంకో రకం. 1936లో ఒడిశా ఏర్పడ్డప్పుడు సరిగ్గా సర్వే చెయ్యకుండా వదిలేసిన సాలూరు పక్క కొండ ఊళ్లు. అక్కడ రెండు రాష్ట్రాలూ పథకాలిస్తాయి, జనం దగ్గర రెండు రేషన్ కార్డులుంటాయి. అందరూ ఆ జనాన్ని తప్పుపడతారు. నేను పట్టను. వాళ్లని ఎప్పుడైనా ఎవరైనా కూర్చోబెట్టి అడిగారా?

నాన్న రాళ్లు

జూలై చివర్లో ఒకరోజు పొద్దున్నే నాన్న ఫోన్ పట్టుకుని డెక్ మీద కూర్చుని ఉన్నారు. ఊరి నుంచి తమ్ముడు వాట్సాప్‌లో రీసర్వే కాగితం పంపాడు. మా పొలానికీ పక్కాయన పొలానికీ మధ్య గట్టు, రోవరు (ఉపగ్రహాల సాయంతో కొలిచే పరికరం) పెట్టి కొలిస్తే, పొడుగునా మూడడుగుల చిల్లర పక్కాయన వైపుకి జరిగి ఉందని తేలింది. లెక్కేస్తే నాలుగు సెంట్ల లోపు.

"ఆ రాళ్లు నేనే పాతించా" అన్నారు నాన్న. 1983లో, సెలవు పెట్టి ఇంటికొచ్చినప్పుడు, తాతయ్య అడిగితే, ఆఫీసు గొలుసు కాకుండా ఎవరిదో పాతది అరువు తెచ్చి. గొలుసు వాడీ వాడీ సాగుతుంది, ముందు కొలబద్దతో సరిచూసుకోవాలి, అది ఆయన చూసుకోలేదు. అదీ ఆ రోజు కారులో కోపం. అప్పటికే తమ్ముడు ఫోన్‌లో నోటిమాటగా చెప్పాడట.

నేను వెంటనే నా థియరీ అందుకున్నాను. నలభై ఏళ్లు ఎవరూ కాదనలేదు కదా, గట్టు మీద వేపచెట్టు కూడా పెరిగింది కదా, లా ప్రకారం పన్నెండేళ్లు దాటితే మనదే కదా అని. నాన్న నా వైపు చూసి "నువ్వు ఇంత చదివింది ఇందుకా?" అన్నారు. మాట పడిపోయింది నాకు. తప్పు మన వైపుకి లాభంగా పడ్డప్పుడు ఈ సూత్రం ఎంత తియ్యగా ఉంటుందో అప్పుడు తెలిసింది, ఆ పాట్‌లక్ ఆవిడ ట్యాక్స్ లాగా. పక్కాయన నలభై ఏళ్లు ఊరుకున్నది ఒప్పుకుని కాదు, కొలిచింది సర్వే శాఖ మనిషి కాబట్టి. మా ఇంట్లో సర్వేయరున్నాడు, వాళ్లింట్లో లేడు, అంతే.

తర్వాతి శనివారం నాన్న అడిగితే రాక్ క్యాజిల్‌కి తీసుకెళ్లాను. గైడు స్మిత్ గురించి చెప్తుంటే సగం నేను తెలుగులో చెప్పాను. బయటికొచ్చాక, గోడ రాళ్లు తడిమి చూసి, "రాతి పని బాగా చేశారు" అని ఒక్క ముక్క అన్నారు. గీత గురించి ఏమీ అనలేదు.

నాన్న తిరుగు ప్రయాణం వచ్చే నెల 14న. పక్కాయనకి ఫోన్ చేశారా అని నిన్న రాత్రి అడిగాను. "ఫోన్‌లో చెప్పేది కాదమ్మా, గట్టు మీద నిలబడి చెప్పాలి" అన్నారు. సూట్‌కేసులో ఏం కావాలంటే, హోమ్ డిపోలో చూసిన వంద అడుగుల స్టీలు టేపు ఒకటి కొనిపెట్టమన్నారు.